వేలికి తెలిసిన అక్షరం, నాలుకకి తెలియని మాట

మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం నడిపే మేల్ అసైలం అనే బడికి 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు పెద్దగా వచ్చాడు. ఒకరోజు దారిలో వెళ్తూ ఓ వీధిబడి చూశాడు. పిల్లలు నేల మీద కూచుని, పరిచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. తన బడిలోనూ అలా నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయుడు కుదరదన్నాడు. బెల్ ఆ పనిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ విద్యార్థికి అప్పగించాడు. ఆ పిల్లాడు చేసి చూపించాడు. 1797లో బెల్ ఈ ప్రయోగం మీద లండన్‌లో ఒక పుస్తకం వేశాడు. మన ఇసుక, మనవాళ్ళ వేళ్ళు, 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో ఇంగ్లండులో పేదపిల్లల బళ్ళలోకి వెళ్ళాయి.

రెండు శతాబ్దాలు దాటాక అదే ఇసుక మనకి తిరిగొచ్చింది. ఇప్పుడు దాని పేరు 'సెన్సరీ ట్రే'. హైదరాబాదులో ఏ ప్రీస్కూల్ బ్రోషర్ తిరగేసినా 'మల్టీసెన్సరీ లెర్నింగ్' అన్న మాట కనిపిస్తుంది. రంగు ఇసుక, గరుకు కాగితం అక్షరాలు, బంకమట్టి, పెసలు శనగలు అతికించిన 'అ', షేవింగ్ క్రీములో 'ఎ'. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. పిల్లలు కూడా ఆనందంగానే ఆడతారు. పేచీ ఆ ఆటతో కాదు. వేలికి అంత పని చెప్పేవాళ్ళు, ఆ వేలు రాయబోయే మాట ఏమిటన్న ప్రశ్న దగ్గరకొచ్చేసరికి ఎందుకు చప్పబడిపోతారన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్నతో మూడు పాత పుస్తకాలు మళ్ళీ చదవాలి. మరియా మాంటిస్సోరి తన పద్ధతిని వివరించిన 1909 నాటి పుస్తకం, 1930ల తొలినాళ్ళలో గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' (మనకి 'పగటి కల'), 1963లో వచ్చిన సిల్వియా యాష్టన్-వార్నర్ 'టీచర్'. ముగ్గురూ బడిలో నిలబడి పనిచేసినవాళ్ళు. ముగ్గురికీ పిల్లల శరీరం మీద నమ్మకం ఉంది. కానీ ముగ్గురూ ఒకే చోట ఆగలేదు.

మాంటిస్సోరి: చెయ్యి రాసిన మొదటి మాట

1907 జనవరిలో రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదవాడలో మాంటిస్సోరి తన మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది. ఆమె వాడిన సామగ్రికి మూలాలు ఇటార్, సెగాఁ అనే ఫ్రెంచి వైద్యుల దగ్గరున్నాయి. మామూలు బడి వద్దనుకున్న పిల్లలతో పనిచేసినవాళ్ళు వాళ్ళు. అలాంటి పిల్లల కోసమే ఆమె మొదట చక్కటి చెక్క అక్షరాలు చేయించింది. శాన్ లొరెంజోకి వచ్చాక అలాంటివి చేయించడం కుదరక, కాగితం కత్తిరించి, గరుకు కాగితం అట్ట మీద అతికించి పని నడిపింది. ఇవాళ నున్నటి చెక్కపెట్టెలో వేల రూపాయలకి అమ్ముతున్న 'శాండ్‌పేపర్ లెటర్స్' పుట్టింది ఆ ఇబ్బందిలోంచే.

పద్ధతి సులువు. పిల్ల రెండు వేళ్ళతో అక్షరాన్ని దిద్దుతుంది, దాని ధ్వనిని పైకి అంటుంది. కన్ను, చెవి, చెయ్యి ఒకేసారి ఒకే పని మీద ఉంటాయి. తర్వాత విడి అక్షరాలు పేర్చి మాటలు కడుతుంది. ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒక డిసెంబరు రోజు. ఎండ కాస్తోంది. డాబా మీద పిల్లలు ఆడుకుంటున్నారు. పొగగొట్టం పక్కన కూచున్న ఆమె, ఐదేళ్ళ పిల్లాడి చేతికి సుద్దముక్క ఇచ్చి ఆ పొగగొట్టం బొమ్మ గీయమంది. వాడు గీశాడు. గీసి, ఒక్కసారిగా నాకు రాయడం వచ్చేసిందని కేకపెట్టి, నేల మీద ఒక మాట రాశాడు: 'మానో'. ఇటాలియన్‌లో చెయ్యి అని. ఆ వెంటనే పొగగొట్టం అని రాశాడు, పైకప్పు అని రాశాడు.

ఈ దృశ్యాన్ని మాంటిస్సోరి అభిమానులు చెయ్యి సాధించిన విజయంగా చెప్తారు. నిజమే, కానీ సగమే. ఆ పిల్లాడు రాసినవి వాడి ఎదురుగా ఉన్న వస్తువులు. నాలుక మీద ముందే ఉన్న మాటలు. పైగా ఇటాలియన్‌లో అక్షరాలు ఇరవై పైచిలుకే, రాసినట్టే పలుకుతారు. అన్ని అక్షరాలూ వేలికి తెలిస్తే చాలు, ఇంటి భాష మొత్తం కాగితం మీదికి వచ్చేస్తుంది. ఆమె పద్ధతికి ఊపిరి పోసిన ఈ రెండు సంగతులూ (ఇంటి మాట, తేలికైన లిపి) మన బ్రోషర్లలో కనిపించవు. 1939లో థియొసాఫికల్ సొసైటీ పిలుపు మీద ఆమె మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలో ఉండిపోయింది. గరుకు కాగితం ఇక్కడ నిలిచింది. మన లిపికి ఆ కాగితం ఎంతవరకు సరిపోతుందన్న ఆలోచన మాత్రం అంతగా సాగలేదు.

అ అంటే అమ్మే, కానీ చదవలేం

మన వాచకం మొదటి పేజీ చూడండి. 'అ' పక్కన అమ్మ బొమ్మ, కింద 'అమ్మ' అన్న మాట. ఆ మాట చదవాలంటే పిల్లకి మకారం రావాలి, దాని కింద మావత్తు రావాలి. అవి ఎన్నో నెలల తర్వాత గానీ రావు. 'ఇ' పక్కన 'ఇల్లు': లావత్తు, కొమ్ము. అంటే మన వాచకంలో మొదటి మాటలు చదవడానికి పెట్టినవి కావు. బొమ్మ చూసి అప్పచెప్పడానికి పెట్టినవి. అక్షరం నేర్చుకుంటున్న రోజున ఆ పిల్లకి దక్కేది ఒంటరి 'అ' ఒక్కటే. దాన్ని ఇసుకలో దిద్దినా, మట్టితో చేసినా, పెసలతో అలంకరించినా అది ఒంటరి 'అ' గానే ఉంటుంది.

ఇంకో వింత, మాటల్లో ఎక్కడా తగలని అక్షరాలు. ఌ, ౡ ఉన్న తెలుగు మాట ఏ పిల్లా జీవితంలో రాయబోదు. అయినా వరస తప్పకూడదు కాబట్టి కొన్ని చోట్ల ఇప్పటికీ వాటిని దిద్దిస్తారు. అర్థం లేనిదాన్ని ఐదు ఇంద్రియాలతో నేర్పితే ఐదు రెట్లు అర్థం రాదు.

తెలుగు లిపికి ఉన్న అసలు చిక్కు అక్షరం ఆకారంలో కన్నా అక్షరం మారే తీరులో ఉంది. 'క' నేర్చుకున్న పిల్లకి 'కి' లో తలకట్టు పోయి గుడి వస్తుంది. 'కై' లో పైన కొంత, కింద కొంత. 'క్ర' లో తర్వాత పలికే ధ్వని ముందు నుంచి చుట్టుకొస్తుంది. 'స్త్రీ' లో మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి చేరతాయి. నోటి వరస వేరు, కంటి వరస వేరు. గరుకు కాగితం మీద 'క' ఎంత బాగా తడిమినా ఈ చిక్కు విడదు.

దీనికి మన పాత పంతుళ్ళు ఒక దారి కనిపెట్టారు. అదీ బహుళేంద్రియమే, ఆ పేరు పెట్టుకోలేదంతే. గుణింతం గుర్తుల పేర్లు వినండి: తలకట్టు, గుడి, కొమ్ము, వట్రసుడి, క్రావడి. తలకి చుట్టినది, కొమ్ములా వంగినది, సుడి తిరిగినది. చూపుకీ వేలికీ పనికొచ్చే పేర్లు. వాటిని 'కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు' అని రాగం తీస్తూ, ఒంటిని ఊపుతూ, పలక మీద రాస్తూ నేర్చుకున్నారు. ఎక్కడ ఏ గుర్తు మారితే ఏ ధ్వని మారుతుందో ఆ పాటలోనే ఉంది. ఆకారానికీ శబ్దానికీ మధ్య ఉన్న సంబంధాన్ని నోరు, చెవి, చెయ్యి కలిసి పట్టుకునే పద్ధతి ఇది. దీన్ని 'బట్టీ' అని ఒక్క మాటతో తోసేసి, దానికన్నా పలచనైన ఇసుక ఆటని ఆధునికం అనుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అలాగని వీధిబడిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. గుణింతం పాట ఏడాదంతా సాగింది తప్ప, ఆ పాట చివర పిల్లకి కావలసిన మాట ఒక్కటీ రాలేదు. క నుంచి ఱ దాకా గుణింతం ఒప్పచెప్పి, వీధిలో కొట్టు మీద బోర్డు చదవలేని పిల్లల్ని మనందరం చూశాం.

కన్నడ బళ్ళలో 1995లో మొదలైన 'నలి-కలి' ఈ ముడిని కొంత విప్పింది. దాని మూలాలు మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ బళ్ళలో తయారైన కార్డుల్లో, అభ్యాస నిచ్చెనలో ఉన్నాయి. నలి-కలిలో పిల్లలు అ, ఆ లతో మొదలుపెట్టరు. ర, గ, స, ద, అ. ఈ ఐదూ వచ్చాయంటే 'అరస' (రాజు), 'అగస' (చాకలి), 'సరస', 'గరగస' (రంపం) చదవగలరు. వర్ణమాల వరస చెదిరింది, మొదటి వారాల్లోనే మాట పుట్టింది. కార్డుల రంగులకన్నా ఈ చిన్న నిర్ణయంలోనే ఎక్కువ తెలివి ఉంది.

గిజుభాయి: విఫలమైన మౌనం ఆట

'పగటి కల' ని మన ఉపాధ్యాయ శిక్షణల్లో అందరూ పొగుడుతారు. పొగిడేవాళ్ళు సాధారణంగా దాటేసే ఘట్టం మొదట్లోనే ఉంది. గిజుభాయి స్వయంగా మాంటిస్సోరి ప్రభావంలో భావనగర్‌లో బాలమందిరం నడిపినవాడు. ఆయన కథానాయకుడైన లక్ష్మీరాం మాస్టారు నాలుగో తరగతిలోకి మొదటిరోజు ఎంతో తయారై వెళ్తాడు. మాంటిస్సోరి బళ్ళలో పేరున్న మౌనం ఆట ఆడిద్దామనుకుంటాడు. తలుపులు మూసి, నిశ్శబ్దంగా ఉండి చిన్న చిన్న చప్పుళ్ళు వినండర్రా అంటాడు. పిల్లలు గోల గోల చేసి పడేస్తారు. ఇంద్రియాలకి శిక్షణ ఇచ్చే ఆట అరగంట కూడా నిలబడదు.

రెండో రోజు ఆయన కథ మొదలుపెడతాడు. ఆ గదిలోనే, ఆ పిల్లలే, కదలకుండా వింటారు. గంట కొట్టినా కథ ఆపొద్దంటారు. ఆ కథల్లోంచే మెల్లగా పుస్తకాలు వస్తాయి, చదవడం వస్తుంది.

విమర్శకుడిగా చూస్తే ఈ పుస్తకంలో లోపాలున్నాయి. మాస్టారి ప్రయోగాలు మరీ సాఫీగా నెగ్గుతాయి. పై అధికారి అనుమానపడి చివరికి కరిగిపోతాడు. పాత్రలు వాదనకి బొమ్మలుగా నిలబడతాయి. పేరులోనే కల ఉంది కాబట్టి కొంత క్షమించొచ్చు. కానీ తను నమ్మిన పద్ధతే మొదటిరోజు కూలిపోవడాన్ని దాచకుండా రాయడంలో గిజుభాయి నిజాయితీ ఉంది. ఆయన చెవిని వదిలెయ్యలేదు. చెవికి వినదగింది ఇచ్చాడు, అంతే. ఒకే ఇంద్రియం. మొదటిరోజు దానికి ఖాళీ నిశ్శబ్దం ఇచ్చాడు, రెండో రోజు కథ ఇచ్చాడు.

యాష్టన్-వార్నర్: నీకు ఏ మాట కావాలి?

న్యూజిలాండులో మావోరీ పిల్లల బడిలో పనిచేసిన సిల్వియా యాష్టన్-వార్నర్ దగ్గర ఖరీదైన సామగ్రి ఏదీ లేదు. గట్టి అట్టముక్కలు, నల్ల క్రేయాను. పొద్దున్నే ఒక్కో పిల్లని దగ్గరికి పిలిచి, నీకు ఏ మాట కావాలి అని అడుగుతుంది. పిల్ల చెప్పిన మాట అట్ట మీద రాసి ఇస్తుంది. ఆ అట్ట ఆ పిల్ల సొంతం. మర్నాడు అట్టలన్నీ నేల మీద కుప్పపోస్తే, ఎవరి మాట వాళ్ళు వెతుక్కుంటారు. మర్నాటికి గుర్తుపట్టలేని మాట అసలు తనది కాదని ఆమె లెక్క. దాన్ని తీసేస్తుంది.

పిల్లలు ఏం అడిగారు? దెయ్యం, ముద్దు, పోలీసు, కత్తి, జైలు, అమ్మ, నాన్న. అచ్చు వాచకంలోని 'రా', 'చూడు' లాంటి మాటలకి నాలుగు నెలలు తీసుకున్న పిల్లాడు, తన ఇంటి భయాలూ కొట్లాటలూ ఉన్న మాటల్ని నాలుగు నిమిషాల్లో నేర్చుకున్నాడని ఆమె రాస్తుంది. ఈ లెక్కలో కాస్త నాటకం ఉండొచ్చు. ఆమె నవలలు రాసిన మనిషి, తన గురించి తాను గొప్పగా రాసుకోవడం ఈ పుస్తకంలోనూ ఉంది. మావోరీ పిల్లల్లో ఏదో ఆదిమ ఆవేశం చూసే ఆమె చూపు ఇవాళ చదివితే ఇబ్బంది పెడుతుంది. అయినా, అక్షరం మోయాల్సిన బరువు గురించి నాకు తెలిసినంతలో ఇంత సూటిగా చెప్పిన బోధన పుస్తకం మరొకటి లేదు.

ఆమె పద్ధతిని తెలుగులోకి యథాతథంగా తేలేం. ఇంగ్లీషులో మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకోవడం ఒక దారి (దానికీ పరిమితులున్నాయి). తెలుగులో మాట అక్షరాలుగా విడిపోతుంది, ఆ సౌకర్యం మనం వాడుకోవాలి. ఓ పిల్ల 'దెయ్యం' కావాలంది అనుకోండి. అందులో ఎత్వం ఉంది, యావత్తు ఉంది, సున్న ఉంది. మన వరస ప్రకారం అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అయ్యేదాకా ఆ పిల్ల తన దెయ్యం కోసం ఆగాలి. ఈలోపు తనకి భయం లేని, ఇష్టం లేని మాటలు దిద్దుతూ ఉండాలి. అదే మొదటిరోజే 'దెయ్యం' రాసిస్తే? దె, య్యం అని చప్పట్లు కొట్టి విడగొట్టొచ్చు. 'య్యం' కనిపిస్తే రేపు 'బియ్యం' వస్తుంది, ఎల్లుండి 'కయ్యం', 'వియ్యం' వస్తాయి. ఇక్కడ ఇసుక తెచ్చి పెట్టండి, మట్టి తెచ్చి పెట్టండి. ఇప్పుడు వేలికి పనుంది.

కొలిచి చూసినవాళ్ళు ఏమన్నారు

ఇంద్రియాల బోధన గురించి రెండు సంగతులు కలిపేసి మాట్లాడుతుంటారు. ఒకటి, 'ఈ పిల్ల విజువల్ లెర్నర్, ఆ పిల్ల ఆడిటరీ లెర్నర్' అనే మాట. పేరెంట్-టీచర్ సమావేశాల్లో బాగా వినపడుతుంది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరికొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ పరిశోధనలన్నీ సమీక్షించి, అలా విడగొట్టి నేర్పితే మేలని చెప్పడానికి తగిన ఆధారం లేదన్నారు. రెండోది, పిల్లలందరికీ కన్ను, చెవి, చెయ్యి కలిపి నేర్పడం. దీనికి కొంత బలం ఉంది. అక్షరాల్ని తడిమి నేర్చుకున్న ఫ్రెంచి పిల్లలు కేవలం చూసి నేర్చుకున్నవాళ్ళకన్నా బాగా చదివారని 2004లో వచ్చిన ఒక అధ్యయనం చెప్తోంది.

డిస్లెక్సియా ఉన్న పిల్లల కోసం 1930ల నుంచి అమెరికాలో వాడుతున్న ఆర్టన్-గిల్లింగమ్ పద్ధతి ఈ ధోరణికి పెద్దదిక్కు. 2021లో దాని మీద అధ్యయనాలన్నీ కూడగట్టి లెక్కవేస్తే, సగటున కొంత మేలు కనిపించింది కానీ అది గణాంకాల పరంగా గట్టిగా నిలబడేంత కాదని తేలింది. పద్ధతి పనికిరాదని దీని అర్థం కాదు. ధ్వనికీ అక్షరానికీ ఉన్న లంకెని వరస తప్పకుండా, విడమరిచి, ఓపిగ్గా చెప్పడం అందులో పెద్ద భాగం. ఇసుక పళ్ళెం దానికి తోడు. మనం తోడుని కొనుక్కొచ్చి, అసలు పనిని అక్కడే వదిలేశాం.

ఎవరి స్పర్శ

ఇంకో సంగతి లేకుండా ఈ చర్చ పూర్తికాదు. 'తాకి నేర్చుకోవడం' అన్న మాట ఈ దేశంలో అంత అమాయకమైంది కాదు. అంబేద్కర్ తన బడి రోజుల గురించి రాసుకున్నది చదివినవాళ్ళకి ఆ గోనెపట్టా గుర్తుంటుంది. మిగతా పిల్లలకి దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న పట్టా మీద కూచోవాలి, సాయంత్రం ఇంటికి మోసుకుపోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టడు. అక్షరాభ్యాసంలో పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టుకుని దిద్దించే అందమైన దృశ్యం వెనక, ఎవరి వేలు ఆ బియ్యాన్ని తాకొచ్చో నిర్ణయించిన చరిత్ర కూడా ఉంది. బెల్ ఇసుక కథలోనూ ఇదే మెలిక. ఆయన ఇసుకని మెచ్చుకున్నది కాగితం, సిరా ఖర్చు మిగులుతుందని కూడా. చవగ్గా, క్రమశిక్షణగా పేదపిల్లల్ని తయారుచేసే యంత్రంలో అదొక పరికరం.

ఇవాళ ఆ పంపకం తిరగబడింది. ఫీజు కట్టగలిగిన పిల్లకి ఇసుక, కట్టలేని పిల్లకి బోర్డు మీద చూచిరాత. రెండు చోట్లా ఇంటి మాటకి చోటు లేకపోవడంలో మాత్రం తేడా లేదు. తెలుగు ఇంటి పిల్ల ఇసుకలో 'యాపిల్' కోసం 'ఎ' దిద్దుతుంది. కోయ ఇంటి పిల్ల, సవర ఇంటి పిల్ల తమకి రాని తెలుగు మాటలు దిద్దుతారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా బోధన ఈ తప్పుని సరిదిద్దే ప్రయత్నం చేసింది. లిపి తెలుగే, మాటలు మాత్రం ఆ పిల్లలవి. నా దృష్టిలో, మన బళ్ళలో జరిగిన అసలైన ఇంద్రియ ప్రయోగం అదే. ఆ పిల్లల చెవికీ నాలుకకీ అక్షరం తొలిసారి అందింది అక్కడే.

కాబట్టి, మీ పిల్లనో మీ అక్క పిల్లనో చేర్చడానికి బడి చూడబోతే, ఇసుక పళ్ళేలు ఎన్ని ఉన్నాయో తర్వాత చూడొచ్చు. ముందు ఆ పళ్ళెంలో ఏ మాట రాసి ఉందో చూడండి. ఆ మాట ఎవరు అడిగారో పంతులమ్మని కనుక్కోండి. పుస్తకంలో ఉందండీ అంటే ఒక రకం బడి. మా పిల్లాడే అడిగాడండీ, నిన్న వాళ్ళ వీధిలో జేసీబీ వచ్చిందట అంటే, ఇంకో రకం. రెండో బడిలో ఇసుక లేకపోయినా పర్వాలేదు, పలక చాలు.